డయాలసిస్ రోజుల్లో మనసు పద్దు రాసుకోవడం ఎలా

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు లెక్కలకేమీ కొదవ లేదు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, పొటాషియం అన్నీ ఫైలులోకి ఎక్కుతాయి. మనసు ఎలా ఉందన్న గడి మాత్రం ఆ ఫైలులో సాధారణంగా ఉండదు. కాబట్టి ఆ లెక్క మనమే రాసి డాక్టరు ముందు పెట్టాలి. నేను ట్రెజరీలో పద్దులు చూసే మనిషిని. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున మిషన్ పక్కన పడుకునే మనిషిని కూడా. కింద రాసినది ఈ రెండు ఉద్యోగాలూ నేర్పినదే.

అసలు చిక్కు ఎక్కడంటే, నీరసం, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం డిప్రెషన్ లక్షణాలు. కిడ్నీ జబ్బు లక్షణాలూ అవే. అందుకే దిగులుతో కుంగిపోతున్న మనిషిని ‘డయాలసిస్ అన్నాక నీరసం మామూలే’ అని సర్దిచెప్పి పంపేస్తారు. రక్తం తగ్గి ఆయాసపడుతున్న మనిషికేమో ‘ధైర్యంగా ఉండాలమ్మా’ అని ఉపదేశం చేస్తారు. ఇద్దరికీ అందవలసిన వైద్యం అందదు. ఏది ఒంటి బాధో, ఏది మనసు బాధో విడదీయడం మొదటి పని.

దానికి ఒక రూళ్ళ నోటుబుక్కు చాలు. రాత్రి పడుకునే ముందు మూడు సంగతులు రాయండి: నిద్ర, ఆకలి, ఈ రోజు మనసు పోయిన పని. డయాలసిస్ జరిగిన రోజు పక్కన ‘డ’ అని పెట్టండి. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: ‘డ. రాత్రి కాళ్ళు లాగాయి. రెండు ఇడ్లీలు. సాయంత్రం మల్లె తొట్టిలో గడ్డి పీకాను.’ ఇంకో రోజు: ‘నిద్ర పరవాలేదు. అన్నం తిన్నాను. సీరియల్ నడుస్తోంది, ఏమి చూశానో తెలియదు. అక్క ఫోను చేస్తే తీయబుద్ధి కాలేదు.’ మొదటి రోజు ఒళ్ళు బాగా లేదు, మనసు బాగానే ఉంది. రెండో రోజు ‘డ’ లేదు, తిండీ నిద్రా ఉన్నాయి, అయినా మూడో గడి ఖాళీ. కంగారు పడవలసింది ఆ రెండో రకం రోజుల గురించే.

‘డ’ ఉన్న సాయంత్రం కూలబడిపోయి మర్నాటికి తేరుకుంటున్నారంటే అది ఎక్కువగా ఒంటి సంగతి. మిషన్ మీద బీపీ పడిపోతోందా, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండవలసిన బరువు) సరిచూడాలా అని అడగండి. డయాలసిస్ లేని రోజుల్లో కూడా రెండు వారాల పాటు మూడో గడి ఖాళీగానే ఉంటే, డాక్టర్లు వాడే రెండు ప్రశ్నలు మీరే వేసుకోండి. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా ఎన్ని రోజులున్నారు? దిగులుగా, నిరాశగా ఎన్ని రోజులున్నారు? అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా అయితే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కూడితే 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చెప్పాలి. జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదిది, చూపించుకోవలసిన సమయం వచ్చిందని చెప్పే పరీక్ష.

ఇక చెప్పడం. రౌండ్లకు వచ్చిన డాక్టరు మన బెడ్డు దగ్గర నిలబడేది రెండు మూడు నిమిషాలు. ‘ఏమీ బాగుండటం లేదు సార్’ అంటే బలం మందు రాసి వెళ్తారు. ముందే కాగితం మీద రాసుకుని చదవండి: ‘సార్, రెండు వారాలుగా డయాలసిస్ లేని రోజుల్లో కూడా దేని మీదా మనసు పోవడం లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూడండి. అవి బాగుంటే సైకియాట్రిస్టుకు రాసివ్వండి.’ చదవడానికి సిగ్గనిపిస్తే సిస్టర్ చేతికివ్వండి. సిస్టర్లకు మనం అనుకునేదాని కంటే ఎక్కువే తెలుసు.

సైకియాట్రిస్టు దగ్గరకు డయాలసిస్ లేని రోజే వెళ్ళండి. మందుల చీటీలన్నీ, ఇటీవలి రక్తపరీక్షలూ పట్టుకెళ్ళండి. కూర్చోగానే చెప్పవలసిన మొదటి మాట ‘నేను డయాలసిస్ మీద ఉన్నాను’ అని. కొన్ని మందుల మోతాదు మనకు తగ్గించాలి, కొన్నింటికి ముందు ఈసీజీ చూసుకోవాలి. మందు పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే ‘పని చేయడం లేదు’ అని మానేయవద్దు, బాగుందనిపించినా చెప్పకుండా ఆపవద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు, ఎవరో చెప్పిన పసరు మందులు మాత్రం ముట్టుకోకండి.

మందులు వద్దనుకునేవాళ్ళకు మాటల వైద్యం ఉంది. అమెరికాలో 120 మంది డయాలసిస్ రోగులతో చేసిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. కొందరికి మాత్రలిచ్చారు, కొందరికి డయాలసిస్ జరుగుతుండగానే కుర్చీ పక్కన కూర్చుని కౌన్సెలింగ్ చేశారు. 12 వారాలకు మాత్రల వైపు కాస్త మొగ్గు కనిపించింది కానీ, దుష్ప్రభావాలూ అటువైపే ఎక్కువ. మన ఊళ్ళలో బెడ్డు దగ్గరకు వచ్చే కౌన్సెలర్లు అరుదు. ఫోనులో మాట్లాడేవాళ్ళు ఉన్నారు, ఆ సంగతి కింద రాశాను.

ఆ నాలుగు గంటలు ఎలా గడపాలన్నదానికి నా దగ్గర గొప్ప సలహా ఏమీ లేదు. పాటలు వినేవాళ్ళు వింటారు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోతారు. నేను పక్క బెడ్డు వాళ్ళ దరఖాస్తులు చూసి పెడతాను. ఫిస్టులా (మిషన్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) లేని చెయ్యి ఖాళీయే కదా! ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. అర్హత ఉండీ అడగనివాళ్ళు మా వార్డులోనే కనిపించారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు, కాబట్టి కేవలం దీని పేరుతో సదరం (వైకల్యం ఉందని ఇచ్చే) సర్టిఫికెట్టు కోసం తిరిగి అలసిపోవద్దు. షుగరు వల్ల చూపో కాలో పోయినవాళ్ళు దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. డబ్బు దిగులును మనోవ్యాధి కింద రాసి మాత్రలిస్తే తగ్గదు, పెన్షన్ వస్తే కొంత తగ్గుతుంది.

వార్డులో ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. నెలల తరబడి పక్కన పడుకున్న మనిషి ఒక రోజు రారు. వాళ్ళ బెడ్డు మీద కొత్త దుప్పటి, కొత్త మనిషి. సిస్టర్లు మాట మారుస్తారు, మనమూ అడగం. అడగండి. ‘ఆయన పోయారా?’ అని సూటిగా అడిగితే సూటిగానే చెబుతారు. ఊహించుకుంటూ మిషన్ వైపు చూస్తూ పడుకోవడం కంటే ఏడవడం మేలు. ఆ రోజు నోటుబుక్కులో ఆయన పేరు రాయండి. తర్వాత కొన్నాళ్ళు మూడో గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు మీకే తెలుస్తుంది.

బంధువుల సంగతి. ‘ఏ జన్మలో ఏ పాపమో’ అనే పిన్నిగారికి జవాబు చెప్పనక్కర్లేదు, కాఫీ ఇచ్చి పంపండి. పెళ్ళిలో ‘ఒక్క కొబ్బరిబోండానికి ఏమవుతుంది’ అని బలవంతం చేసేవాళ్ళకు మాత్రం చెప్పాలి: ‘పొటాషియం పెరిగితే గుండె ఆగుతుందండీ.’ మళ్ళీ అడగరు. నిజంగా సాయం చేయాలనుకునేవాళ్ళకు ఏదో ఒక పని అప్పజెప్పండి: శనివారం ఆస్పత్రికి తోడు, నెలకోసారి మందులు తేవడం. ‘ఏమన్నా కావాలంటే చెప్పు’ అన్నవాళ్ళు చాలామంది మంచివాళ్ళే, ఏమి చేయాలో తోచక అలా అంటారు.

ఇది మాత్రం వాయిదా వేయకూడదు. ‘ఈసారి డయాలసిస్‌కు వెళ్ళకపోతే ఏమవుతుంది’ అన్న ఆలోచన వచ్చినా, కావాలనే వద్దన్నవి తింటూ నీళ్ళు తాగేస్తున్నా, చచ్చిపోవాలనిపించినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఏమి మాట్లాడాలో తెలియకపోతే నోటుబుక్కు తెరిచి చివరి వారం చదవండి. ప్రాణం మీదకు వచ్చిందంటే 112, లేదా దగ్గరి ఆస్పత్రి ఎమర్జెన్సీ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఆగిపోవద్దని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్సు ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. పాలసీ కాగితాలు తీసి చూసుకోండి.

మిమ్మల్ని బండి మీద తెచ్చి, తీసుకెళ్ళే మనిషి కూడా ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి. మా ఆయన ‘నాకేమైంది, నేను బాగానే ఉన్నాను’ అన్నారు. కూడితే నాలుగు వచ్చింది. 14416 రోగులకే కాదు, వాళ్ళకూ పనికొస్తుంది.