ఐదు అట్టముక్కలతో కంప్యూటర్ సైన్స్

మా ఆరో తరగతికి కంప్యూటర్ సైన్స్ నేను పాత నోట్‌బుక్ అట్టలతోనే మొదలుపెడతాను. ఐదు ముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఒకవైపు వరసగా 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. వెనకవైపు ఖాళీ. ఐదుగురిని వరసగా నిలబెట్టి, చూసేవాళ్లకు ఎడమ చివర 16 ఉండేలా, ముందు ఖాళీవైపే కనిపించేలా పట్టుకోమనండి.

“కనిపించే చుక్కలన్నీ కలిపి పదకొండు చూపించండి” అని అడగండి. జవాబు మీరు చెప్పేయకండి, ఎంతసేపైనా వాళ్లనే తంటాలు పడనివ్వండి. 8, 2, 1 తిప్పగానే, చుక్కలు కనిపిస్తే 1, ఖాళీ అయితే 0 అని చెప్పి, బోర్డు మీద 01011 అని రాయండి. తర్వాత 0 నుంచి 31 దాకా వరసగా లెక్కపెట్టించండి. 1 పట్టుకున్న పిల్ల ప్రతిసారీ అట్ట తిప్పుతుంది, 2 పట్టుకున్నవాడు రెండుసార్లకోసారి. ఆ లయను పిల్లలే పట్టుకోవాలి.

మౌస్ కదపడం ఎప్పుడైనా వస్తుంది. ఫోన్‌లో ఫొటో, పాట, అక్షరం అన్నీ 0, 1లే అని తెలిసిన పిల్ల మాత్రం దాన్ని మాయపెట్టె అనుకోదు, లోపల ఏం జరుగుతోందని అడుగుతుంది. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

ఆరో అట్ట మీద ఎన్ని చుక్కలో ఇంటి దగ్గర ఆలోచించుకు రమ్మనండి.