మాల్టా సాహిత్యాన్ని అక్కడి సంఘజీవితంతో కలిపి చదవడం ఎలా?

సిసిలీకి దక్షిణాన, మధ్యధరా సముద్రంలో ఉన్న మాల్టా దీవుల సాహిత్యం చదవాలనుకునేవారికి మొదట చేతికందేది ఇంగ్లీషులోకి వచ్చిన ఏదో ఒక ఆధునిక నవల. దానిని కొంతకాలం పక్కన పెట్టమని నా సలహా. మాల్టీస్ భాషలో కవిత్వం చాలాకాలం పాటు కాగితం మీద కాక నలుగురి మధ్య, ఎదుటివారి చెవి కోసం పుట్టింది. ఆ నలుగురూ ఎవరో, ఎక్కడ కూర్చునేవారో, దేని గురించి తగవుపడేవారో తెలిసిన తరువాత చదివితే నవలలో మామూలుగా కనిపించిన వాక్యాలు కూడా అర్థభరితమవుతాయి.

మొదట చదవవలసినది ఇరవై పాదాల చిన్న కవిత. దాని పేరు 'ఇల్-కాంతిలేనా'. 1485లో మరణించిన పియెత్రు కషారో దీని కర్త. బంధువైన బ్రాందానో అనే నోటరీ తన దస్తావేజుల పుస్తకంలో దీనిని రాసిపెట్టుకోవడం వల్ల ఈ కవిత నిలిచింది. 1966లో మికీల్ ఫ్సాద్ని, గాడ్‌ఫ్రీ వెట్టింజర్ అనే ఇద్దరు పరిశోధకుల కంటబడేవరకు దాని ఉనికి ఎవరికీ తెలియదు. మాల్టీస్ భాషలో ఇంతవరకు దొరికిన సాహిత్య రచనల్లో ఇదే అతి ప్రాచీనం. ఎంతోకాలంగా కట్టుకుంటున్న ఇల్లు కూలిపోయిందని, గట్టి రాయి ఉంటుందనుకున్న చోట మెత్తని మట్టి తగిలిందని కవి వాపోతాడు. పండితులు దీనికి ఎన్నో అంతరార్థాలు చెప్పారు, అవన్నీ తరువాత చూసుకోవచ్చు. మొదటి పఠనంలో ఆరంభాన్ని మాత్రం గమనించండి: 'నా పొరుగువారలారా, రండి, నా గోడు చెప్తాను' అని కవి పిలుస్తాడు. తన దుఃఖాన్ని దేవుడికో ప్రియురాలికో కాక ఇరుగుపొరుగుకు చెప్పుకుంటున్నాడు. ఆ పిలుపును గుర్తుంచుకుంటే తరువాతి శతాబ్దాల రచనలకు కూడా ఒక తాళంచెవి దొరికినట్టే.

ఆ తరువాత భాష సంగతి తెలుసుకోవాలి. సిసిలీలో ఒకప్పుడు మాట్లాడిన అరబిక్ నుంచి పుట్టి, ఇటాలియన్, సిసిలియన్ మాటలను విస్తారంగా కలుపుకుని, లాటిన్ లిపిలో రాయబడే సెమిటిక్ భాష మాల్టీస్. పుస్తకాన్ని 'క్తీబ్' అని, ప్రపంచాన్ని 'దిన్యా' అని అంటారు. కితాబు, దునియా అనే మాటలు ఎరిగిన తెలుగు చెవికి ఇవి ఎక్కడో విన్నట్టే ఉంటాయి. కాథలిక్కులైన మాల్టా ప్రజలు తమ దేవుణ్ణి 'అల్లా' అనీ, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను 'రందాన్' అనీ పిలుస్తారు. ఈ ఒక్క విషయం మీద కాసేపు నిలబడి ఆలోచించడం పది పుటల చరిత్ర చదవడంకన్నా మేలు చేస్తుంది.

అయితే ఈ భాషకు గౌరవం చాలా ఆలస్యంగా దక్కింది. న్యాయస్థానంలోనూ పండిత గోష్ఠిలోనూ ఇటాలియన్, బ్రిటిష్ పాలన వచ్చాక దానికి పోటీగా ఇంగ్లీషు, ఇంటా వీధిలో మాల్టీస్ అన్నది పాత ఏర్పాటు. 1764లో పుట్టిన మికీల్ అన్తోన్ వస్సల్లి ప్రజల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చి దానిని చదువుల భాషగా చేయాలని పోరాడాడు. అయినా మాల్టీస్ అధికార భాష అయినది 1934లో మాత్రమే. జాతీయ కవిగా మన్నన పొందిన దున్ కర్మ్ (1871–1961) కూడా ముందు ఇటాలియన్‌లోనే రాసి, 1912లో నలభై ఏళ్లు దాటిన తరువాత మాల్టీస్‌లో తొలి కవిత ప్రచురించాడు. కాబట్టి ఏ రచన తీసుకున్నా, రచయిత ఆ భాషనే ఎందుకు ఎంచుకున్నాడని, అది ఎవరికి వినిపించాలని ఎంచుకున్నాడని ముందుగా ప్రశ్నించుకోండి. జాతీయ గీతానికి సాహిత్యం అందించినదీ ఈ పూజారి కవే. అది యుద్ధగీతంలా కాక ప్రార్థనలా ఉంటుంది.

నవలలకు వెళ్లేముందు ఊరి 'ఫెస్తా'ను అర్థం చేసుకోవడం తప్పనిసరి. ప్రతి ఊరికీ దానిని కాపాడతారని నమ్మే ఒక పునీతుడో పునీతురాలో (సెయింట్) ఉంటారు. ఏటా ఆ పేరిట విగ్రహాన్ని ఊరేగించి, బాణసంచా కాల్చి, బ్యాండు వాయిస్తారు. ఊరిలో 'కజీన్' అనే బ్యాండు క్లబ్బు ఉంటుంది. అది సంగీత సంఘమే కాదు, సాయంత్రం పూట కబుర్లు చెప్పుకునే చావడి కూడా. చాలా ఊళ్లలో రెండు క్లబ్బులు, ఇద్దరు పునీతులు, వారి మధ్య తరతరాల పోటీ. ఈ పట్టుదలకు అక్కడివారి మాట 'పీకా'. పునీతుల పక్షాలకూ రాజకీయ పక్షాలకూ ఉన్న అల్లికను మానవశాస్త్రజ్ఞుడు జెరెమీ బోయిసెవెన్ 1965లో 'సెయింట్స్ అండ్ ఫైర్‌వర్క్స్' అనే గ్రంథంలో వివరించాడు. సాహిత్య విమర్శ గ్రంథం కాకపోయినా, మాల్టా కథలు చదివేవారికి దీనికన్నా ఉపయోగపడే సహాయక గ్రంథం నాకు తట్టడం లేదు. అందరికీ అందరూ తెలిసిన చిన్న దీవిలో పరువు, చాటుమాటలు, పక్షపాతం ఎంత బరువుగా ఉంటాయో అది చదివాక తెలుస్తుంది.

ఇప్పుడు నవలలను తెరవవచ్చు. 2011లో యూరోపియన్ యూనియన్ సాహిత్య బహుమతి పొందిన ఇమ్మాన్యుయెల్ మిఫ్సుద్ రచనతో మొదలుపెట్టడం మంచిది. తండ్రి అంత్యక్రియల తరువాత, రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికుడిగా ఆయన రాసుకున్న దినచర్య పుస్తకాన్ని కొడుకు చదవడం అందులోని ఇతివృత్తం. మగవాడు ఏడవకూడదని నేర్పే ఇంటి మీద, ఊరి మీద ఆ చిన్న పుస్తకం మోపే ప్రశ్నలు పొరుగువారి చూపు ఎరిగిన పాఠకుణ్ణే గట్టిగా తాకుతాయి. ఒక్కసారి వేగంగా చదివి, ఆ తరువాత నెమ్మదిగా మరొకసారి చదవండి.

చివరగా పాట. మాల్టా జానపద గానాన్ని 'ఆనా' అంటారు. 2021లో యునెస్కో దానిని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. నిజంగా జరిగిన హత్యనో దుర్ఘటననో కథగా పాడేది 'తల్-ఫత్త్'. గిటార్ల మధ్య గాయకులు ఒకరికొకరు ఆశువుగా నాలుగు పాదాల్లో జవాబిచ్చుకునేది 'స్పిర్తు ప్రొంత్'. రెండోదానిలో గాయకులు జంటలుగా వాదులాడతారు. గొంతు మాధుర్యంకన్నా ప్రాస తప్పకుండా ఎదుటివాడిని ఇరకాటంలో పెట్టే నేర్పుకే శ్రోతలు తల ఊపుతారు. రికార్డింగులు విని అలవాటు పడిన తరువాత, వీలైతే జూన్ 28 రాత్రి బుస్కెట్ తోటల్లో జరిగే 'ఇమ్నార్యా' ఉత్సవానికి వెళ్లండి. వేయించిన కుందేలు మాంసం, ద్రాక్షసారా, చెట్ల కింద గుంపులు, వాటి మధ్య పాట. భాష తెలియకపోయినా ఎవరి పద్యానికి నవ్వు లేచిందో, ఎవరి పద్యానికి నిశ్శబ్దం పరుచుకుందో చూడండి. మధ్యలో మాత్రం లేచి వెళ్లవద్దు. 'కదెంత్సా' అనే ముగింపు చరణాల్లో గాయకులు ఒక్కొక్కరుగా, అంతసేపూ తాము దేని గురించి వాదించుకున్నారో అక్కడ కూర్చున్నవారికి విప్పి చెబుతారు.