పాత పేపర్లలో తాతగారి పేరు దొరకడం లేదా?

పాత పేపర్లలో మన కుటుంబం గురించి వెతికేటప్పుడు అందరూ ముందు పేరు పట్టుకుంటారు. పట్టుకోవాల్సింది తేదీని.

సమస్య: స్కాన్ చేసిన పత్రికల్లో పేరు టైప్ చేస్తే ఏమీ రావడం లేదు.

కారణం: చాలా స్కాన్లు పేజీల ఫొటోలే, వాటిలో అక్షరాలను కంప్యూటర్ చదవలేదు. చదివినా అరసున్నలు, బండి ఱలు అడ్డొస్తాయి. విజయవాడ ఉండాల్సిన చోట బెజవాడ అని ఉంటుంది. ఆడవాళ్లయితే సొంత పేరు లేకుండా ఫలానా వారి భార్య అనే వేసేవారు.

పరిష్కారం: తేదీ తేల్చుకుని, అక్కడి నుంచి రెండు మూడు వారాల సంచికలు పేజీ పేజీ చూడండి. కోర్టు నోటీసులు, వేలం ప్రకటనలు వదలకండి. మామూలు రైతు కుటుంబాల పేర్లు ఎక్కువగా కనిపించేది అక్కడే.

సమస్య: తేదీ తెలియదు. "తారణలో, మాఘమాసంలో పోయారు" అంటారు పెద్దవాళ్లు.

కారణం: తెలుగు ఏడాది ఉగాదికి మొదలవుతుంది. తారణ 1944 ఉగాదికి మొదలైంది కాబట్టి ఆ మాఘం వచ్చింది 1945లో. 1944 పేపర్లు ఎన్ని తిరగేసినా లాభం లేదు.

పరిష్కారం: తద్దినం పెట్టే ఇంట్లో మాసం, తిథి ఎవరో ఒకరికి తప్పక గుర్తుంటాయి. ముందు వాళ్లను అడగండి, ఆలస్యం చేయకండి. సంవత్సరం పేరు కూడా దొరికితే ఆ ఏటి పంచాంగంలో ఇంగ్లిష్ తేదీ తేలిపోతుంది. అదే పేరు 60 ఏళ్లకోసారి వస్తుంది గనక ఏ తరమో సరిచూసుకోండి.

సమస్య: బీరువాలో కటింగ్ ఉంది, దాని మీద తేదీ లేదు.

వెనక్కి తిప్పి ప్రకటనలు చదవండి. ధరలు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అయ్యుండొచ్చు. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957–64 ప్రాంతానిది. సినిమా ప్రకటన ఉంటే ఇంకా మంచిది, విడుదల తేదీ దగ్గరే తిరుగుతుంది.

సమస్య: గుంటూరు వార్త గుంటూరులో దొరకడం లేదు.

కారణం: పత్రికలు వేరే ఊళ్లలో అచ్చయ్యేవి. కృష్ణా పత్రిక 1902లో బందరులో పుట్టింది. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. మన ఊరి కబురు అక్కడికి చేరి అచ్చయ్యేసరికి రోజులు పట్టేది. పైగా జిల్లాలు మారాయి. 1970కి ముందు ఒంగోలు వార్త కూడా గుంటూరు జిల్లా కిందే ఉంటుంది.

పరిష్కారం: వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. 1918లో పెట్టిన ఆ గ్రంథాలయం పాత తెలుగు పత్రికలను ప్రాణంగా కాపాడుకుంటూ వచ్చింది.

సమస్య: కాగితం పట్టుకుంటే పొడి అవుతోంది.

న్యూస్‌ప్రింట్‌లోని చెక్కగుజ్జు వెలుతురుకీ గాలికీ పసుపెక్కి పెళుసుబారుతుంది. టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి: ముందు పత్రిక పేరు, తేదీ ఉన్న పైభాగం, తర్వాత పేజీ మొత్తం, చివర్లో వార్త దగ్గరగా.