రెక్టమ్‌లో గడ్డ అన్నారా? చెన్నైలో పరీక్షల నుంచి చికిత్స ప్లాన్ దాకా ఎలా సాగుతుందంటే

నెల్లూరులో పొద్దున రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్లలో చంకలో స్కానింగ్ కవర్ పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. పోయినేడాది ఆ కవర్ నా చేతిలో ఉంది. మా చిన్నాన్నకు విరేచనంలో రక్తం పడుతుంటే ఊళ్లో మొలలన్నారు. పూత మందు, ఇసబ్గోల్‌తో ఐదు నెలలు గడిచాయి. అన్ని రోజుల్లో ఒక్కరూ గ్లవ్ తొడిగి మలద్వారంలో వేలు పెట్టి చూసిన పాపాన పోలేదు.

చెన్నైలో గడ్డ అని తేలగానే మేమడిగింది ఒకటే: "ఆపరేషన్ ఎప్పుడు సార్?" డాక్టర్ నవ్వి, "టైలర్ ముందు టేపు తీస్తాడా, కత్తెర తీస్తాడా?" అన్నారు. ఆ కొలతలకే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏం జరుగుతుందో, మనం ఏం సిద్ధం చేసుకోవాలో చెప్తాను.

రెక్టమ్ అంటే పెద్దపేగులో చివరి 15 సెంటీమీటర్లు. తెలుగులో పురీషనాళం అంటారు గానీ ఆస్పత్రిలో ఆ మాట ఎవరి నోటా వినపడదు. పైన పెద్దపేగులో గడ్డ వస్తే చాలాసార్లు నేరుగా ఆపరేషనే చేస్తారు. ఇక్కడ అలా కుదరదు. కటి ఎముకల మధ్య చోటు ఇరుకు. ముందు మూత్రసంచి, ప్రోస్టేట్ లేదా గర్భసంచి ఉంటాయి, కింద మలాన్ని ఆపే కండరం ఉంటుంది. ఒక్క సెంటీమీటర్ తేడాతో ఆపరేషన్ రకమే మారిపోతుంది.

1. వేలి పరీక్షకు సిగ్గుపడొద్దు

ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు పొట్టకి ఆనించి పడుకోమంటారు. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. వేలు 7, 8 సెంటీమీటర్ల దాకా అందుతుంది. గడ్డ మలద్వారానికి ఎంత ఎత్తులో ఉంది, కదులుతోందా, పట్టేసిందా, కండరం బిగువు ఎలా ఉంది అన్నవి సర్జన్‌కు అక్కడే తెలుస్తాయి. స్కాన్‌లు ఎన్ని వచ్చినా ఈ పరీక్ష మానేయరు. నలభై దాటినవాళ్లకు రక్తం పడుతుంటే వేలు పెట్టకుండా మొలలని రాసిచ్చే చీటీని నేనైతే నమ్మను.

2. కొలనోస్కోపీ, ముక్క పరీక్ష

మలద్వారం గుండా సన్నటి కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసేదే కొలనోస్కోపీ. ముందు రోజు ఆకుకూరలు, గింజలున్న కూరలు, జామపండు మానేసి తెల్లన్నం, పలచని మజ్జిగతో సరిపెట్టుకోవాలి. రాత్రి పేగు కడిగే పొడిని నీళ్లలో కలిపి పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. అసలు కష్టం ఇదే. నాలుగో గ్లాసుకి చిన్నాన్న "సముద్రం నీళ్లు తాగిస్తున్నావు కదరా" అన్నాడు. చల్లగా చేసి ఇస్తే కాస్త దిగుతుంది. బాత్రూమ్ పక్కనే ఉన్న గది తీసుకోండి. రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, వాటిని సొంతంగా ఆపకూడదు.

గడ్డ కనిపించిందని కెమెరాను అక్కడే ఆపరు. వీలైతే పేగు మొత్తం చూస్తారు, ఎందుకంటే పైన ఇంకో గడ్డ గానీ, పాలిప్ (పేగు గోడ మీద లేచే చిన్న కండ) గానీ ఉండొచ్చు. నాలుగైదు చోట్ల చిన్న ముక్కలు తీసి ల్యాబ్‌కు పంపుతారు. మొదటిసారి 'క్యాన్సర్ లేదు' అని వచ్చినా చూపుకు అనుమానంగా ఉంటే మళ్లీ తీస్తారు. వేరే ఊళ్లో ముక్క తీయించి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఆ ల్యాబ్ నుంచి గాజు స్లైడ్లు, ముక్కను పొదిగిన మైనం బ్లాకు కూడా అడిగి తెచ్చుకోండి. పెద్ద ఆస్పత్రుల్లో వాళ్ల పాథాలజిస్ట్ (ముక్కలు పరీక్షించే డాక్టర్) వాటిని మళ్లీ చూస్తారు. మేం వాటి కోసం ఒకసారి వెనక్కి వెళ్లొచ్చాం.

అదే ముక్క మీద ఎంఎంఆర్ అనే పరీక్ష కూడా చేయించమని అడగండి. కణాల్లో జన్యు తప్పులు సరిదిద్దే నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేదో అందులో తెలుస్తుంది. లోపం ఉండేది కొద్దిమందిలోనే, కానీ ఉంటే దారే మారిపోవచ్చు. 2022లో న్యూయార్క్ డాక్టర్లు అలాంటి 12 మందికి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు) ఒక్కటే ఇస్తే, అందరిలోనూ గడ్డ కనపడకుండా పోయింది. పైగా ఆ లోపం వంశపారంపర్యంగా వచ్చిందని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి.

సీఈఏ అనే రక్తపరీక్ష కూడా రాస్తారు. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. పొగతాగేవాళ్లలోనూ పెరుగుతుంది, క్యాన్సర్ ఉన్నా కొందరిలో పెరగదు. ముందు ముందు పోల్చి చూడటానికే అది ఎక్కువ పనికొస్తుంది.

3. ఎంఆర్ఐ: అసలు కొలత ఇదే

ఛాతీకి, పొట్టకి సీటీ స్కాన్ తీసేది లివర్‌కో ఊపిరితిత్తులకో పాకిందేమో చూడటానికి. దానికి ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఉంటుంది. ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. ఖరీదెక్కువ కాబట్టి మంచిదనుకుని దాని కోసం పట్టుబట్టేవాళ్లను చూశాను.

గడ్డ ఉన్న చోటుకి మాత్రం ఎంఆర్ఐ కావాల్సిందే. లోపలికి వెళ్లేముందు మెట్టెలు, గాజులు, తాళి, మొలతాడుకున్న వెండి అన్నీ తీయాలి. చిన్నాన్న మొలతాడు తీయనంటే టెక్నీషియన్ "వెండి బిళ్ల వరకు తీసివ్వండి, తాడు ఉంచుకోండి" అని ఒప్పించాడు. అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి, చప్పుడు బాగా ఉంటుంది.

ఎంఆర్ఐలో ఏం చూస్తారో డాక్టర్ చీటీ వెనకాల బొమ్మ గీసి చూపించారు. మధ్యలో గొట్టం, దాని గోడకి పొరలు. గోడ చుట్టూ కొవ్వు, ఆ కొవ్వు చుట్టూ పలచటి కవరు. గడ్డ లోపలి పొరల్లోనే ఉంటే టీ1, పేగు గోడలోని కండరంలోకి దిగితే టీ2, గోడ దాటి కొవ్వులోకి వెళ్తే టీ3, పక్క అవయవాన్ని పట్టుకుంటే టీ4. కొవ్వులో లింఫ్ గ్రంథులు ఉబ్బితే అది ఎన్ లెక్క. వీటికి మించినది బయటి కవరుకి, గడ్డకి మధ్య దూరం. అది ఒక మిల్లీమీటర్, అంతకన్నా తక్కువ అయితే నేరుగా కోయడం ప్రమాదం, అంచున క్యాన్సర్ మిగిలిపోవచ్చు.

ఆ కవరు చిరగకుండా, కొవ్వుతో సహా గడ్డను ఒకే ముద్దగా తీయాలన్న పద్ధతిని ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1980ల్లో ప్రచారంలోకి తెచ్చారు. అంతకుముందు ఆపరేషన్ చేసిన చోటే మళ్లీ వచ్చే కేసులు చాలా ఎక్కువ. ఇప్పటి ప్లాన్ అంతా ఆ కవరు చుట్టూనే తిరుగుతుంది.

ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి.

4. ట్యూమర్ బోర్డు

సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్, రేడియాలజిస్ట్, పాథాలజిస్ట్ ఒకే గదిలో కూర్చుని మన స్కాన్‌లు తెరిచి మాట్లాడుకుంటారు. మనల్ని లోపలికి పిలవరు. తేల్చింది ఫైల్లో రాసిందో లేదో చూసుకోండి. వాళ్లు కూర్చునే రోజు దాటితే వచ్చే మీటింగ్ దాకా ఆగాలి కాబట్టి రిపోర్టులన్నీ ముందు రోజుకే చేరాలి.

5. ప్లాన్ చెప్పే రోజు

టీ1, టీ2 దాటకుండా, గ్రంథులు మామూలుగా ఉంటే సాధారణంగా ముందే ఆపరేషన్. గోడ దాటితే, గ్రంథులు ఉబ్బితే, కవరు దగ్గరైతే ముందు రేడియేషన్, కీమో, ఆ తర్వాతే కత్తి. లివర్‌కి పాకినా కొందరిలో ఆ మచ్చలను కూడా తీసేసే ప్లాన్ ఉంటుంది, అక్కడితో ఆశ వదులుకోనక్కర్లేదు.

రేడియేషన్ రెండు రకాలు. ఒకటి ఐదు రోజుల్లో ఐదు డోసులు. రెండోది కేపసిటాబిన్ అనే కీమో మాత్రలు మింగుతూ ఐదు వారాలకు పైగా, శని ఆదివారాలు తప్ప రోజూ. బయటి ఊరివాళ్లకు ఇది గది అద్దె లెక్క కూడా. మొహమాటపడకుండా "మాది నెల్లూరండీ, చిన్న కోర్సు సరిపోతుందా?" అని అడగండి. కుదిరితే చెప్తారు, కుదరకపోతే ఎందుకో చెప్తారు. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు వీర్యం, అండాలు దాచుకోవడం గురించి రేడియేషన్ మొదలు కాకముందే అడగాలి.

తర్వాత కొన్ని వారాలు ఆగి మళ్లీ వేలి పరీక్ష, స్కోపీ, ఎంఆర్ఐ. కొందరిలో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. అలాంటివాళ్లకు ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉండే పద్ధతిని బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హాబర్ గామా ముందుకు తెచ్చారు. వినడానికి బాగుంటుంది గానీ, మొదటి రెండేళ్లు కొన్ని నెలలకోసారి తప్పకుండా వచ్చి చూపించుకునేవాళ్లకే అది. సంక్రాంతి, పెళ్లిళ్లు అంటూ వాయిదా వేసేవాళ్లకు కాదు.

ఇక మలం పడే సంచి. చాలామందికి కోసి కలిపిన పేగు అతుకు మానేదాకా కొన్ని నెలలు మాత్రమే పొట్ట మీద సంచి ఉంటుంది. మలాన్ని ఆపే కండరాన్ని పట్టిన గడ్డ అయితే శాశ్వతంగా ఉండొచ్చు. మీది ఏ రకమో ఆపరేషన్‌కు ముందే స్పష్టంగా అడగండి. సంచి ఎక్కడ పెట్టాలో స్టోమా నర్స్ (సంచి సంగతి చూసుకునే నర్స్) ముందే గుర్తు పెడుతుంది. చిన్నాన్నను నిలబెట్టింది, కూర్చోబెట్టింది, వంగమంది. "పంచె ఎక్కడ కడతారు పెద్దాయనా?" అని అడిగింది. ఆయన పంచె విప్పి మళ్లీ కట్టి చూపించాడు. మడత పడే చోటుకి రెండు వేళ్లు కిందకి, నల్ల మార్కర్‌తో చుక్క పెట్టింది.