కాలేజీ రేడియో పెట్టాలంటే ముందు ఫ్యాన్ ఆపండి

హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు మేం ఐదుగురం కలిసి కాలేజీ రేడియో నడిపాం. టవరూ గివరూ ఏమీ లేదు. వారానికి పది నిమిషాల ఆడియో క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో వేసేవాళ్లం. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కొందామని ఎవరో ఒకరు అంటారు. వద్దు, లైసెన్సు లేని ప్రసారం నేరం. విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో లైసెన్సు ఇవ్వాలని కేంద్రం 2002లోనే నిర్ణయించింది. చెన్నైలో అన్నా యూనివర్సిటీ స్టేషన్ 2004లో మొదలైంది. అయితే అప్లై చేయాల్సింది కాలేజీ, మీరు కాదు. ముందు ఓ ముప్పై ఎపిసోడ్లు చేసి ప్రిన్సిపాల్‌కు వినిపించండి, అప్పుడు అడగండి.

రికార్డింగుకు హాస్టల్ గది చాలు. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, గోడకు పరుపు నిలబెట్టండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పట్టుకోండి. ఎదురుగా పెడితే 'భద్రకాళి చెరువు' అన్నప్పుడల్లా డోలు కొట్టినట్టు వినిపిస్తుంది. ఫైలు మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, సెకనుకు 64 కిలోబిట్ల (కేబీపీఎస్) చొప్పున దాచితే పది నిమిషాలకు ఐదు ఎంబీ దాటదు. సినిమా పాటలు వేయకండి. కాపీరైట్ గొడవ ఒకటి, పైగా అవి అందరి ఫోన్లలోనూ ఉన్నవే. హాస్టల్ అమ్మాయిలతో బతుకమ్మ పాటలు పాడించండి. ములుగు పిల్ల పాడిన పాటకు, జనగామ పిల్ల పాడిన పాటకు ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లే వాదులాడుకుంటారు. అదీ రికార్డు చేయండి.

అసలు కష్టం ఇంటర్వ్యూ. మా మెస్‌లో వండే అక్కను అడిగాను, "చిన్నప్పుడు మేడారం ఎట్ల పోయేటోళ్లు?" అని. ఆమె ఆలోచిస్తోంది. నాకు టెన్షన్. "ఎడ్లబండి మీదనా?" అని నేనే అందించాను. "ఆ, బండి మీదనే" అంది. అంతే, అయిపోయింది. రికార్డింగ్ ఆపాక మాత్రం జంపన్నవాగు దగ్గర తప్పిపోయి, ఎవరో ముసలామె కొంగు పట్టుకుని రాత్రంతా ఏడ్చిన సంగతి అరగంట చెప్పింది. మళ్లీ చెప్పమంటే, "ఒక్కసారి చెప్పిన కద" అని కూర కలపడానికి పోయింది.

కాబట్టి ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. అనుమతి ముందే అడిగి, మనిషి లేచి వెళ్లేదాకా రికార్డింగ్ నడవనివ్వండి.