జర్మనీలో ఇల్లు తీసుకునే ముందు

ఇల్లు చూడకుండా, కాంట్రాక్టు చేతికి రాకుండా డబ్బు పంపకండి. "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ వేస్తే తాళాలు కొరియర్ చేస్తా" అన్నారంటే అది మోసమే, ఫోటోలు ఎంత బాగున్నా సరే.

ఆ ఇంట్లో ఆన్‌మెల్డుంగ్ (అడ్రస్ నమోదు) కుదురుతుందా అని ముందే అడగండి. ఇంట్లో దిగిన 2 వారాల్లో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, దానికి ఓనరు రాసిచ్చే పత్రం కావాలి, అది ఇవ్వనంటే అద్దె ఎంత తక్కువైనా వదిలేయండి.

డిపాజిట్ 3 నెలల కాల్ట్‌మీటె (హీటింగ్ లాంటి అదనపు ఖర్చులు కలపని అద్దె) దాటకూడదు, చట్టమే అంత. 3 వాయిదాల్లో కట్టొచ్చు కూడా, ఓనర్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు లెండి.

అద్దెలో హీటింగ్ కలిసిందో లేదో చూడండి, కరెంటు బిల్లు మామూలుగా వేరే.

పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించండి. ట్యాక్స్ ఐడీ ఉత్తరంలోనే వస్తుంది, పేరు లేకపోతే వెనక్కి పోతుంది.