ఆగస్టు 15న చిన్నపిల్లల పరేడ్: మీ కాలనీలో చేయాలంటే

మా కాలనీలో ఆరేళ్లలోపు పిల్లలతో ఆగస్టు 15 పరేడ్ నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మొదటి ఏడాది అంతా బాగా జరిగిందనుకుని మధ్యాహ్నం పాలకని బయటికి వెళ్తే, కాలువ పక్కన బురదలో ఓ ప్లాస్టిక్ జెండా కనిపించింది. వెతికితే ఇంకో పదకొండు దొరికాయి. అన్నీ నేను కొని తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టినవే. కడుగుతుంటే ఏడుపొచ్చింది. అందుకే నన్ను ఎవరడిగినా ముందు జెండా గురించే చెప్తాను.

ప్లాస్టిక్ జెండాలు కొనకండి. జెండా నియమావళి వాటిని ఒప్పుకోదు. పైగా 2022 జులై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల్లో జెండాలు, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకి వాడే థర్మోకోల్ కూడా ఉన్నాయి. జాతీయ పండుగలకి కాగితం జెండాలు ఊపొచ్చు. ఇంట్లోనే చేసుకోండి. ఒక్క ఏ4 కాగితంలో నాలుగు వస్తాయి. పొడవు, వెడల్పు 3:2 నిష్పత్తిలో ఉండాలి కాబట్టి 13.5 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు తీసుకుంటే ఒక్కో రంగుకి సరిగ్గా 3 సెంటీమీటర్లు. పొడవు వైపు మిగిలే అంచు అంటించడానికి పనికొస్తుంది. చక్రం పెద్ద పిల్లలకి అప్పజెప్పండి. రూపాయి బిళ్ల పెట్టి గుండ్రంగా గీసి, ముందు గడియారం అంకెల్లా 12 ఆకులు, తర్వాత ప్రతి రెంటి మధ్యా ఒకటి గీస్తే 24 అవుతాయి.

చీపురుపుల్ల, వెదురుపుల్ల వద్దు. పక్క పిల్లాడి కంట్లో గుచ్చుకుంటుంది. పాత న్యూస్‌పేపర్‌ని గట్టిగా గొట్టంలా చుట్టి, మైదా జిగురుతో అంటిస్తే చాలు. మూడేళ్ల పిల్లలు జెండాని తలకిందులుగా పట్టుకుంటారు, కాషాయం కిందికి పోతుంది. గొట్టం అడుగున రంగు దారం చుట్టి, “దారం దగ్గర పట్టుకో కన్నా” అని చెప్పండి. జెండా మీద ఏ రాతా ఉండకూడదు కాబట్టి, పిల్లల పేరు గొట్టం మీదే రాయండి. ఆ పేరుతో తర్వాత పని ఉంది.

ఇక దారి. పెద్దవాళ్లు కాలనీ అంతా ఒక చుట్టు తిప్పుదామంటారు, ఒప్పుకోకండి. వారం ముందు ఒక మూడేళ్ల పిల్లని తీసుకుని నడిచి చూడండి. ఆ పాప ఎక్కడ “ఎత్తుకో” అంటే అక్కడికే మీ పరేడ్ అయిపోవాలి. మాకు అది పార్కు గేటు నుంచి జెండా కర్ర దాకా, సుమారు 250 మీటర్లు. దానికే మాకు ఇరవై నిమిషాలు పడుతుంది. దారిలో ఒక వేపచెట్టు నీడన ఆగి నీళ్లు తాగిస్తాం. లోపలి వీధులు దాటి మెయిన్ రోడ్డు ఎక్కొద్దు. ఎక్కక తప్పదంటే ముందుగా పోలీసులని కలిసి అనుమతి తీసుకోండి. టైము స్కూళ్లలో జెండా వందనం అయి పిల్లలు తిరిగొచ్చాకే, మేం తొమ్మిదికి పెట్టుకుంటాం.

వరసలో నిలబెట్టడం కోసం నేను చాలా తంటాలు పడ్డాను. చివరికి మా అత్తయ్య పాత నేతచీర పనికొచ్చింది. దాన్ని పొడవునా మెలిపెట్టి, మూరకో ముడి వేశాం. ముడికి ఒకవైపు ఒకరు, రెండోవైపు ఇంకొకరు. ఒక చేతిలో ముడి, ఇంకో చేతిలో జెండా. మెత్తటి బట్ట కాబట్టి చేతులు ఒరుసుకోవు, ఎవరూ తప్పిపోరు.

ముందూ వెనకా పెద్దవాళ్లు ఉండాలి, మధ్యలో మాత్రం పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలని వాలంటీర్లుగా పెట్టండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి పద్నాలుగేళ్లు. వాలంటీరుగా గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. ఈ కథ చెప్పి బ్యాడ్జి పెట్టి చూడండి, ఆ పిల్లలు ఎంత శ్రద్ధగా చేస్తారో!

వేషాలు మంచివే, కానీ పిల్లాడు వద్దంటే వద్దు. అల్లూరి సీతారామరాజు గడ్డం జిగురుతో అంటించారా, పది నిమిషాల్లో దురద, ఏడుపు. కాటుక పెన్సిల్‌తో గీస్తే సరిపోతుంది. విల్లు ఉండనివ్వండి, బాణం వద్దు. మూడు చక్రాల సైకిళ్లని అలంకరిస్తే రిబ్బన్లు హ్యాండిల్ మీదే, చక్రాల దగ్గర వద్దు. క్రేప్ పేపర్ వానకి రంగు కారి తెల్ల బట్టలన్నీ పాడుచేస్తుంది. జెండానే సైకిల్ మీద కప్పడం తప్పు, మూడు రంగుల రిబ్బన్లు వాడుకోండి.

డీజే వద్దే వద్దు. రెండేళ్ల పిల్లలు ఆ మోతకి బెదిరిపోతారు. ఒక డోలు, “జై హింద్” అనే చిన్న నినాదం చాలు. జాతీయ గీతం 52 సెకన్లు. అంతసేపు కదలకుండా నిలబడటం ముందు మూడు సాయంత్రాలు ఆటలా నేర్పండి. వాన వస్తే సెల్లార్‌లో రెండు చుట్లు తిప్పి గీతం పాడించేయండి, పిల్లలకి అదీ పరేడే.

మిఠాయిలు చివర్లోనే, జెండా తీసుకున్నాకే. జెండా కర్ర పక్కన ఒక వెదురు బుట్ట పెట్టి, పేర్ల జాబితాతో ఒకరిని కూర్చోబెట్టండి. పిల్లలు జెండా ఇచ్చి లడ్డూ తీసుకుంటారు. ఇంటికి తీసుకెళ్తానని మారాం చేస్తే ఇచ్చేయండి, కానీ కింద పడేయకూడదని వాళ్ల అమ్మానాన్నలకి చెప్పి, పేరు పక్కన రాసుకోండి. చిరిగినవాటిని చెత్తలో వేయకుండా, పక్కన పెట్టి తర్వాత ఇంట్లో మర్యాదగా కాల్చేస్తాం. కిందటేడు 43 ఇస్తే బుట్టలోకి 38 వచ్చాయి, నాలుగు ఇళ్లకి వెళ్లాయి. మిగిలిన ఒక్కదాని కోసం ఇద్దరు వాలంటీర్లు వెనక్కి వెళ్లారు. వేపచెట్టు కింద నీళ్ల క్యాను వెనకాల దొరికింది.